ధాత కరువు: అనంతపురం పీఠభూమిలో ఒక మహాక్షామం, దాని జ్ఞాపకం

ధాత కరువు అంటే 1876–78 మధ్య దక్షిణ భారతాన్ని ఊడ్చిపెట్టిన మహాక్షామం. తెలుగు సంవత్సరాల వరుసలో 1876–77 ధాత నామ సంవత్సరం. 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన కరువును నందన కరువు అన్నట్టే, జనం దీన్నీ ఏడాది పేరుతోనే గుర్తుపెట్టుకున్నారు. సర్కారు కాగితాల్లో ఇది మద్రాసు క్షామం. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్న వాటిలో ఉన్నాయి. నేటి అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో చాలా భాగం అప్పట్లో బళ్లారి జిల్లా కిందే ఉండేది. అనంతపురం విడి జిల్లా అయింది 1882లో.

తర్వాత అనంతపురం జిల్లాగా ఏర్పడిన ప్రాంతంలో 1871 లెక్కల ప్రకారం జనం సుమారు 7 లక్షల 41 వేలు. 1881 నాటికి 6 లక్షలకు కాస్త తక్కువ. పదేళ్లలో పెరగాల్సిన జనాభా పెరగకపోగా ఐదోవంతు దాకా తగ్గిపోయింది. తగ్గినవాళ్లంతా చనిపోయారని కాదు, పొట్ట చేతపట్టుకుని వెళ్లి తిరిగి రానివాళ్లూ అందులో ఉన్నారు. మొత్తం మద్రాసు రాష్ట్రంలో మృతులు 35 లక్షలని ఒక అంచనా. దేశమంతటా కలిపితే 56 లక్షల నుంచి 96 లక్షల వరకు చెబుతారు. రెండు అంచనాల మధ్య 40 లక్షల మంది తేడా ఉంది. చనిపోయినవాళ్లను ఎవరూ సరిగా లెక్కపెట్టలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

వాన లేని నేల, అందని గింజ

అనంతపురం పీఠభూమి పడమటి కనుమల చాటున ఉంది. నైరుతి మేఘాలు కనుమల అవతలే బరువు దించుకుని ఇక్కడికి వట్టిపోయి వస్తాయి. ఈశాన్య రుతుపవనాలకేమో బంగాళాఖాతం దూరం. ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్లే. అందుకే పాతకాలం నుంచీ ఇక్కడి బతుకు చెరువుల మీద, జొన్న, కొర్ర, సజ్జల మీద నడిచింది. 1876లో నైరుతీ ఈశాన్యమూ రెండూ ముఖం చాటేశాయి. చెరువులు ఎండాయి, పశువులకు మేత పోయింది, పాతర్లలోని గింజలు అయిపోయాయి.

అంతమంది చావుకు కారణం వాన ఒక్కటే కాదు. మద్రాసు నుంచి రాయచూరు వెళ్లే రైలు మార్గం అప్పటికే గుత్తి, గుంతకల్లు మీదుగా వేసి ఉంది. గింజలు రైళ్లలో వచ్చాయి కూడా. కొనడానికి కూలివాడి దగ్గర డబ్బు లేదు. ధరలను అదుపు చేయడం వ్యాపార స్వేచ్ఛకు విరుద్ధమని వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం పట్టుపట్టింది. ఆ కాలంలోనే దేశం నుంచి ఇంగ్లండుకు గోధుమల ఎగుమతి సాగింది. 1877 జనవరి 1న విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటిస్తూ ఢిల్లీలో దర్బారు జరిగింది. కరువు ముదిరిన వేళ మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు కూడా దానికి హాజరయ్యాడు.

ఆ నెలలోనే సర్ రిచర్డ్ టెంపుల్‌ను లిట్టన్ ప్రభుత్వం మద్రాసుకు పంపింది. ఈయన 1874 బీహారు కరువులో బర్మా బియ్యం తెప్పించి ఎంతోమంది ప్రాణాలు నిలబెట్టినవాడు. అంత ఖర్చు ఎందుకు పెట్టావని పైవాళ్లు చీవాట్లు పెట్టారు. ఆ మచ్చ చెరుపుకోవడానికి మద్రాసులో చెయ్యి బిగించాడు. కరువు పనుల్లో రోజంతా మట్టి మోసే, కంకర కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే సుమారు 450 గ్రాములు, దాని మీద కొద్దిపాటి డబ్బు. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. పైగా ఊరి దగ్గర పని ఇస్తే అవసరం లేనివాళ్లూ వస్తారన్న వాదనతో శిబిరాలను దూరంగా పెట్టారు. తిండి లేని మనిషి మైళ్లు నడిచి అక్కడికి చేరాలి. చేరాక ఆ కొద్ది గింజలతో మట్టి మోయాలి.

ఎదురు చెప్పినవాళ్లు

మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ విలియం కార్నిష్ దీన్ని బాహాటంగా ఎదిరించాడు. కదలకుండా కూర్చున్నవాడి ఊపిరి నిలపడానికి సరిపోయే గింజలు కష్టం చేసేవాడికి సరిపోవనీ, ఒకటిన్నర పౌను గింజలైనా, వాటితోపాటు పప్పూ ఇవ్వాలనీ వాదించాడు. జైలు ఖైదీకి ఇచ్చే తిండి కంటే ఇది తక్కువని అంకెలతో చూపించాడు. నెలల తర్వాత కూలి పెంచారు, అప్పటికే ఎన్నో ప్రాణాలు పోయాయి. పై అధికారి మాటను కాదన్న ఈ వైద్యుణ్ణి మన పాఠ్యపుస్తకాలు తలుచుకోకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

‘మద్రాస్ టైమ్స్’ సంపాదకుడు విలియం డిగ్బీ 1877 ఆగస్టులో మద్రాసు పౌరుల సభ తర్వాత ఇంగ్లండులో పోగైన విరాళాల పంపిణీకి కార్యదర్శిగా పనిచేశాడు. ఆ సొమ్ము రైతులకు విత్తనాలకు, ఎద్దులకు, పడిపోయిన ఇళ్లకు వెళ్లింది. 1878లో ఆయన రెండు సంపుటాల్లో రాసిన పుస్తకం ఈ కరువుకు ఇప్పటికీ ముఖ్య ఆధారం. ఒంగోలు వైపు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే గుత్తకు తీసుకుని మాదిగ కుటుంబాలకు పని చూపించాడు.

ఇవి దొరల పేర్లు. పుస్తకాలు రాసిందీ భద్రపరిచిందీ వాళ్లే కాబట్టి మనకు మిగిలాయి. కలో గంజో పక్కింటివాళ్లతో పంచుకున్న ఆడవాళ్లు, అనాథ పిల్లలను చేరదీసినవాళ్లు ఏ నివేదికలోనూ లేరు. అంతకు పదేళ్ల ముందు, 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరు మాత్రం రాయలసీమ జనం పాటల్లో నిలిచింది. ధాత కరువుకు అలా ఊరూరా పాడుకునే పేరు దక్కలేదు.

మిగిలిన గుర్తులు

మద్రాసు సైన్యంలో అధికారి అయిన విలబీ వాలెస్ హూపర్ తీసిన ఫొటోలు ఈ కరువుకు ప్రపంచానికి తెలిసిన ముఖం. బక్కచిక్కిన మనుషులను వరుసగా కూర్చోబెట్టి తీసినవి అవి. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, మోకాళ్లు తొడల కంటే లావుగా కనిపిస్తాయి. తల్లుల ఒళ్లో పిల్లల తలలు వాలిపోయి ఉంటాయి. కదిలితే బొమ్మ చెడిపోయే కాలం కాబట్టి ఆ ఆకలితోనే వాళ్లు కదలకుండా కూర్చోవాల్సి వచ్చింది. వాళ్లెవరో, ఏ ఊరివాళ్లో ఆ బొమ్మలు చెప్పవు.

కరువు కూలీలు తవ్విన కాలువకు 1878లో గవర్నరు పేరు పెట్టారు. 1880లో రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన క్షామ కమిషన్ నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా క్షామ నియమావళి వచ్చింది. కరువు రక్షణ పేరుతో దక్షిణ మరాఠా రైల్వే మార్గాలు పడ్డాయి, గుంతకల్లు పెద్ద జంక్షనుగా ఎదిగింది. 1950ల తొలినాళ్లలో రాయలసీమకు మళ్లీ కరువు వచ్చి గంజి కేంద్రాలు పెట్టినప్పుడు ఆ నియమావళి వారసత్వమే అక్కరకొచ్చింది. తుంగభద్ర ఎగువ కాలువ వెనక ఉన్నదీ ఈ కరువు భయమే. ‘బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు’ అనే సామెత తెలుగువాళ్లందరిదీ అయినా, సీమ పల్లెలో ముసలివాళ్లు అన్నప్పుడు అందులో వట్టి మాట కాని బరువు వినిపిస్తుంది.

గుంతకల్లులో ఒక స్మారకం ఉంది. 1893లో ఇద్దరు ఆడవాళ్లను ఇంగ్లీషు సోల్జర్ల బారి నుంచి కాపాడబోయి తుపాకీ దెబ్బకు చనిపోయిన రైల్వే గేటు కాపరి హంపన్నది అది. నిందితుడు మద్రాసు హైకోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు. గుత్తి న్యాయవాది కేశవపిళ్లె ఆ ఉదంతాన్ని పత్రికలకెక్కించి దేశం ముందు పెట్టారు. ఒక్క మనిషి కోసం ఊరు, పత్రిక, చందాలు కలిసి రాయి నిలబెట్టాయి. అంతకు పదిహేనేళ్ల ముందు అదే నేలపై పోయిన వేలమందికి అలాంటి రాయి లేదు. జనం చిన్నచూపు చూశారని కాదు. చనిపోయినవారి కోసం అడగాల్సిన చుట్టాలు కూడా వాళ్లతోనే పోయారు, లేదా కొలంబోకో రంగూన్‌కో వెళ్లిపోయారు.

ఐర్లండు 1845–52 నాటి తన క్షామానికి జాతీయ స్మరణ దినం పాటిస్తుంది. డబ్లిన్‌లో నది ఒడ్డున ఓడ కోసం నడిచిపోతున్న ఆకలి మనుషుల కంచు విగ్రహాలున్నాయి. ఉక్రెయిన్ 1932–33 కరువును ఏటా నవంబరులో తలుచుకుంటుంది. మన దేశంలో ధాత కరువుకు అలాంటి దినం లేదు. పుణె సార్వజనిక సభ తమ ప్రాంతంలో చేసినట్టు పల్లె పల్లె నుంచి వివరాలు రాబట్టే పని మన వైపు ఆ రోజుల్లో జరగలేదు. అయితే దారి మూసుకుపోలేదు. మద్రాసు రెవెన్యూ బోర్డు కాగితాలు, కలెక్టర్ల ఉత్తరాలు, కార్నిష్ నివేదికలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. తాలూకాల వారీగా వాటిని చదివి, కరువు పనుల్లో తవ్విన చెరువులను, వేసిన బాటలను ఊరి పేర్లతో సరిపోల్చి, ఒక్కో ఊరి పంచాయతీ ఆఫీసు ముందు ఆ వివరం చెక్కించవచ్చు.