భిలాయిలో పరిశ్రమ భాగస్వామ్య బృంద ప్రాజెక్టులు: స్నాతకోత్తర విద్యలో వాటి రూపకల్పన, చరిత్ర

ఎం.టెక్., ఎం.బి.ఏ. వంటి స్నాతకోత్తర కోర్సుల విద్యార్థులు కొందరు జట్టుగా ఏర్పడి, విద్యాసంస్థకు వెలుపల ఉన్న ఒక కర్మాగారమో, గనో, బ్యాంకో, ప్రభుత్వ శాఖో నిత్యం ఎదుర్కొంటున్న సమస్యను చేపట్టి, అధ్యాపకుడొకరు, ఆ సంస్థ అధికారి ఒకరు కలిసి చేసే పర్యవేక్షణలో నిర్ణీత గడువులోగా దానికి పరిష్కారం వెదికే పద్ధతిని పరిశ్రమ భాగస్వామ్య బృంద ప్రాజెక్టు అంటారు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం దుర్గ్ జిల్లాలోని భిలాయి ఈ పద్ధతి చరిత్రను పరిశీలించడానికి ఎంతో అనువైన పట్టణం. ఇక్కడ కర్మాగారం ముందు వచ్చింది. పరిశోధన ప్రధానంగా సాగే ఉన్నత విద్యాసంస్థ ఆ తరవాత ఆరు దశాబ్దాలకు గాని రాలేదు. ఆ మధ్యకాలంలో కర్మాగారానికీ కళాశాలకూ మధ్య స్థిరపడిన అలవాట్లే నేటి ప్రాజెక్టుల రూపకల్పనను చాలావరకు నిర్ణయిస్తున్నాయి.

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం అప్పటి మధ్యప్రదేశ్‌లోని భిలాయిలో ఏటా 10 లక్షల టన్నుల ఉక్కు తయారుచేసే సామర్థ్యంతో కర్మాగారం నిర్మాణం మొదలై, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. బ్లాస్ట్ ఫర్నేస్ అంటే ఇనుప ఖనిజం, కోక్, సున్నపురాయిలను పైనుంచి వేస్తూ, కింది నుంచి వేడిగాలి ఊది, ద్రవరూపంలో ఇనుమును తీసే ఎత్తైన కొలిమి. అంత పెద్ద కొలిమిని నడిపిన అనుభవం ఉన్నవారు ఆనాడు దేశంలో కొద్దిమందే కావడంతో, భారతీయ ఇంజనీర్లను సోవియట్ కర్మాగారాలకు శిక్షణకు పంపారు, సోవియట్ నిపుణులను భిలాయికి రప్పించి వారి పక్కన మనవారిని నిలబెట్టి పని నేర్పించారు. సోవియట్ విద్యావిధానంలో కర్మాగారంలో పనిచేయడం ఇంజనీరింగ్ విద్యార్థి పాఠ్యప్రణాళికలో భాగంగానే ఉండేది. భిలాయికి మాత్రం అది విద్యార్థి కోసం కాక ఉద్యోగి కోసం వచ్చింది, ఎందుకంటే ఆనాటి అవసరం కొలిమిని ఆరిపోకుండా నడిపే మనుషులే.

ఇంజనీరింగ్ విద్య ఈ ప్రాంతానికి రాలేదని కాదు. భిలాయికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని రాయపూర్‌లో 1956లోనే ప్రభుత్వ గనుల, లోహశాస్త్ర కళాశాల మొదలైంది. దాని భవనానికి శంకుస్థాపన చేసినదీ రాజేంద్రప్రసాదే. అదే 2005లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీగా మారింది. సోవియట్ సహకారంతోనే యునెస్కో ద్వారా 1958లో ఐఐటీ బొంబాయి ఏర్పడింది. ఒకే దేశం తోడ్పాటుతో దాదాపు ఒకే కాలంలో పుట్టిన ఉక్కు కర్మాగారం ఒకచోట, ఉన్నత సాంకేతిక విద్యాసంస్థ వందల కిలోమీటర్ల దూరాన మరొకచోట నిలవడం ఈ చరిత్రలో గుర్తుంచుకోవలసిన విషయం.

విద్యార్థికి కర్మాగారం గేటు చట్టబద్ధంగా తెరుచుకోవడం 1961 నాటి అప్రెంటిస్ చట్టంతో మొదలైంది. ఆ చట్టం తొలుత కార్మిక వృత్తుల (ట్రేడ్) శిక్షణకే పరిమితమైనా, 1973 సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులకూ, డిప్లొమా పొందినవారికీ వర్తించింది. దీనికి సమాంతరంగా, చదువు ముగియని విద్యార్థులు సెలవుల్లో కొన్ని వారాలు కర్మాగారంలో గడిపి నివేదిక సమర్పించే ఆనవాయితీ కూడా పాతుకుపోయింది. భిలాయిలో దీనిని నేటికీ వొకేషనల్ ట్రైనింగ్ అనే అంటారు. విద్యార్థి కోక్ ఓవెన్ల నుంచి రైలు పట్టాల మిల్లు వరకు తిరిగి చూసి, ప్రతి విభాగం పనితీరునూ రాసుకుంటాడు. కర్మాగారం అంటే ఏమిటో తెలియడానికి దీనికి మించిన మార్గం లేదు గాని, దీనిని ప్రాజెక్టు అనలేము. చూసి రాయడంలో సమస్యా లేదు, పరిష్కారమూ లేదు, విభాగానికి తిరిగి చేరేదీ ఏమీ లేదు.

పరిశీలన నుంచి సమస్యా పరిష్కారానికి మారే పద్ధతికి మూలాలు అమెరికాలో కనిపిస్తాయి. 1906లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ చదువునూ ఉద్యోగాన్నీ వంతులవారీగా నడిపే సహకార విద్యను ప్రారంభించగా, 1916లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ రసాయన ఇంజనీరింగ్ స్నాతకోత్తర విద్యార్థుల కోసం ప్రాక్టీస్ స్కూల్ నెలకొల్పింది. విద్యార్థుల చిన్న బృందాలు కర్మాగారంలోనే మకాం పెట్టి, అక్కడే ఉండే అధ్యాపకుని అజమాయిషీలో, ఆ కర్మాగారం ఇచ్చిన సమస్యపై పనిచేయడం దాని ప్రత్యేకత. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్, ఫోర్డ్ ఫౌండేషన్‌ల సహకారంతో ఎదిగిన పిలానీలోని బిట్స్ 1973లో ఈ పద్ధతిని మన దేశానికి తెచ్చి, ప్రాక్టీస్ స్కూల్‌ను పాఠ్యప్రణాళికలో మార్కులున్న భాగంగా చేసింది. రెండు చోట్లా అధ్యాపకుడు కర్మాగారంలోనే ఉండాలన్న నియమమే ప్రాణం. తరవాతి కాలంలో దేశంలో దీనిని అనుకరించిన చాలా కార్యక్రమాలు మొదట వదులుకున్నది ఆ నియమాన్నే.

భిలాయి పరిసరాల్లోనే ఇంజనీరింగ్ విద్య బలపడటం 1986లో దుర్గ్‌లో భిలాయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ స్థాపనతో మొదలై, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన తరవాత 2005లో స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పాటుతో ముందుకు సాగింది. 2014 జూలైలో కేంద్ర బడ్జెట్ ప్రకటించిన ఐదు కొత్త ఐఐటీలలో ఆంధ్రప్రదేశ్‌కు తిరుపతిలోనూ, ఛత్తీస్‌గఢ్‌కు భిలాయిలోనూ ఒక్కొక్కటి దక్కాయి. ఐఐటీ భిలాయి 2016లో రాయపూర్ సమీపంలోని సేజ్‌బహార్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ఆవరణలో తాత్కాలికంగా మొదలైంది, దానికి మార్గదర్శక సంస్థగా ఐఐటీ హైదరాబాద్ వ్యవహరించింది. 2018 జూన్ 14న ప్రధాని నరేంద్ర మోదీ భిలాయిలో విస్తరించిన ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసి, అదే రోజు ఐఐటీకి శంకుస్థాపన చేశారు. దుర్గ్ జిల్లా కుటేలాభాటాలో నిర్మించిన శాశ్వత ప్రాంగణం 2024 ఫిబ్రవరి 20న జాతికి అంకితమైంది. కొలిమీ, పరిశోధన ప్రధానంగా సాగే విద్యాసంస్థా ఒకే జిల్లాలో నిలిచే అవకాశం ఆ విధంగా ఆలస్యంగానైనా ఏర్పడింది.

ప్రభుత్వం నిధులిచ్చే తీరు కూడా ఈ దశలోనే మారింది. 2015లో వచ్చిన ఉచ్చతర్ ఆవిష్కార్ యోజన కింద ఐఐటీలు పరిశ్రమతో కలిసి చేపట్టే ప్రాజెక్టు ఖర్చులో సగాన్ని విద్యా మంత్రిత్వ శాఖ, పావు వంతును సంబంధిత మంత్రిత్వ శాఖ, మిగిలిన పావు వంతును పరిశ్రమ భరించాలి. తన డబ్బు పెట్టిన సంస్థ సమస్యను జాగ్రత్తగా ఎంచుకుంటుంది, ఫలితం గురించి అడుగుతుంది. పరిశ్రమ వాటా మొత్తం స్వల్పమే అయినా ప్రాజెక్టు తీరుపై దాని ప్రభావం పెద్దది.

ప్రణాళికలో అన్నిటికంటె కష్టమైనది రెండు కాలక్రమాలను కలపడం. విద్యాసంస్థ కాలం సెమిస్టర్లలో నడుస్తుంది, రెండేళ్ల ఎం.టెక్.లో ప్రాజెక్టుకు సాధారణంగా చివరి ఏడాది దొరుకుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్ మాత్రం ఒకసారి వెలిగించాక ఏళ్ల తరబడి రాత్రింబగళ్లు మండుతూనే ఉంటుంది. లోపలి ఇటుకల అస్తరు మార్చడం వంటి భారీ మరమ్మతు ఎప్పుడో గాని రాదు, చిన్న మరమ్మతుల కోసం ఆపే షట్‌డౌన్లు ముందే నిర్ణయమై ఉంటాయి. కొలిమి లోపల కొలమాన పరికరం అమర్చవలసిన ప్రాజెక్టును షట్‌డౌన్ తేదీ తెలుసుకోకుండా సెమిస్టర్ మొదటి వారంలో ప్రారంభించే బృందం, పరీక్షలు ముగిసే వేళకు కూడా పరికరాన్ని అమర్చలేకపోవచ్చు. అందువల్ల సమస్య ఎంపిక సెమిస్టర్‌కు కనీసం కొన్ని నెలల ముందే, విభాగాధికారి సమక్షంలోనే జరగాలి.

సమస్య పరిమాణాన్ని కుదించడం తరవాతి మెట్టు. కరిగిన ఇనుములో సిలికాన్ శాతాన్ని ముందుగా అంచనా వేయడం ఇందుకు మంచి ఉదాహరణ. సిలికాన్ పెరిగిందంటే కొలిమి వేడెక్కుతోందనీ, తగ్గిందంటే చల్లబడుతోందనీ సూచన. వేడిగాలి ఒత్తిడి, ఉష్ణోగ్రతల వంటి వివరాలు క్షణక్షణం నమోదవుతుండగా, సిలికాన్ విలువ మాత్రం ఇనుమును బయటికి వదిలినప్పుడు తీసిన నమూనాను ప్రయోగశాలలో పరీక్షించిన తరవాతే తెలుస్తుంది. ఈ వ్యవధిని పూడ్చే గణిత నమూనా తయారుచేయడం నలుగురు విద్యార్థుల బృందానికి ఒక ఏడాదికి సరిపోయే పని: ఒకరు సమాచారాన్ని శుద్ధిచేయవచ్చు, ఒకరు కొలిమి రసాయన చర్యలను అధ్యయనం చేయవచ్చు, ఒకరు నమూనాను నిర్మించవచ్చు, మరొకరు దాన్ని కంట్రోల్ రూంలో ఆపరేటర్ల పక్కన కూర్చుని సరిచూడవచ్చు. ఎం.టెక్. సిద్ధాంత వ్యాసానికి మార్కులు వ్యక్తిగతంగానే ఇస్తారు కాబట్టి, ఇటువంటి విభజన ఒప్పందంలోనే రాసుకోని బృందాల్లో చివరికి ఒకరి శ్రమ మరొకరి పేరున పోయే ప్రమాదం ఉంది. ‘కొలిమి సామర్థ్యం పెంచడం’ వంటి విశాలమైన శీర్షికలు దరఖాస్తులో గంభీరంగా కనిపిస్తాయి గాని, ఏ బృందమూ వాటిని ముగించలేదు.

భద్రతకు ప్రణాళికలో మొదటి స్థానం దక్కాలి. కొలిమి గ్యాస్‌లో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. 2014 జూన్‌లో భిలాయిలో గ్యాస్ లీకై ఆరుగురు మరణించారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను వద్ద మరమ్మతు జరుగుతుండగా మంటలు చెలరేగి పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఎంతో అనుభవం ఉన్నవారికే తప్పని ఈ ముప్పు ముందు, గేట్ పాస్ చేతికి వచ్చిందని విద్యార్థిని నేరుగా కర్మాగార విభాగంలోకి పంపడం క్షమించరానిది. భద్రతా శిక్షణ, గ్యాస్ కొలిచే పరికరం, వెంట ఉండే ఉద్యోగి, వెళ్లకూడని స్థలాల జాబితా, వీటన్నిటికీ గడువులో రోజులు కేటాయించాలి.

సమాచారం ఎవరిది, ఫలితం ఎవరిది అన్నది మరో చిక్కు. ఉత్పత్తి వివరాలు బయటికి పొక్కకూడదని సంస్థ కోరుకుంటుంది, పరిశోధన పత్రం ప్రచురించాలని విద్యార్థి కోరుకుంటాడు. విలువలను నిష్పత్తులుగా మార్చి ప్రచురించడం, ప్రచురణకు ముందు సంస్థకు నిర్ణీత వ్యవధి ఇవ్వడం వంటి మధ్యే మార్గాలను అవగాహన ఒప్పందంలో ముందే పొందుపరచడం మేలు. పలు సంస్థలు కలిసి పనిచేసి పెద్ద ఫలితం సాధించగలవనడానికి భిలాయికి దగ్గరి తార్కాణమే ఉంది. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల, నౌకాదళం, ఉక్కు సంస్థ సెయిల్ కలిసి రూపొందించిన డి.ఎం.ఆర్. రకం ఉక్కు సుమారు 30 వేల టన్నులు, 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన విక్రాంత్ విమానవాహక నౌక నిర్మాణానికి భిలాయి, బొకారో, రూర్కెలా కర్మాగారాల నుంచి వెళ్లింది. అది విద్యార్థుల ప్రాజెక్టు కాదు. అయినా ప్రయోగశాల, తయారీదారు, వినియోగదారు మొదటి నుంచీ ఒకే బల్ల చుట్టూ కూర్చున్న ఆ పద్ధతిని విద్యార్థి బృందాలు చిన్న స్థాయిలో అనుసరించవచ్చు. 130 మీటర్ల రైలు పట్టాను అతుకు లేకుండా తయారుచేసి, రెండింటిని కలిపి 260 మీటర్లుగా పంపే భిలాయి మిల్లుకు వినియోగదారు భారతీయ రైల్వే. ఆ అతుకు నాణ్యతపై చేసే ప్రాజెక్టులో రైల్వే ఇంజనీరుకు చోటు లేకపోతే అసలు ప్రశ్నే తప్పిపోతుంది.

భాగస్వామి అంటే యాజమాన్యం ఒక్కటే అనుకోవడం భిలాయి చరిత్రకు పొసగదు. ఈ పట్టణానికి ఉత్తరాంధ్ర, ఒడిశా, బెంగాల్, కేరళ, పంజాబ్‌ల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు, ఛత్తీస్‌గఢీ గ్రామాల కార్మికులు కలిసి కొలిమి గురించి నోటిమాటగా నిలుపుకున్న జ్ఞానం ఏ కంప్యూటరు రికార్డులోనూ లేదు. అందులో పెద్ద భాగం కాంట్రాక్టు కార్మికుల దగ్గర ఉంది. భిలాయికి ఖనిజం సరఫరా చేసే దల్లీ రాజ్‌హరా గనుల్లో 1970ల చివర యంత్రీకరణ ప్రతిపాదన వచ్చినప్పుడు, శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ దాన్ని వ్యతిరేకించడంతో ఆగక, మనుషుల పనినీ యంత్రాల పనినీ కలిపే అర్ధ యంత్రీకరణ పథకాన్ని తానే ముందుకు తెచ్చింది. సాంకేతిక ప్రత్యామ్నాయాన్ని కార్మిక సంఘం రూపొందించిన ఆ ఘట్టం ఈ ప్రాంతంలో ఇంజనీరింగ్ సమస్యను ఎవరు నిర్వచిస్తారన్న ప్రశ్నను మొదటిసారి గట్టిగా లేవనెత్తింది. దల్లీ రాజ్‌హరా నిల్వలు తరిగి రావ్‌ఘాట్ గనుల ఖనిజం వైపు కర్మాగారం చూస్తున్న నేటి దశలో, నాసిరకం ఖనిజాన్ని శుద్ధిచేయడం, గని వ్యర్థాలను వాడుకోవడం, గని చుట్టుపక్కల ఊళ్ల నీటిని కాపాడటం స్నాతకోత్తర బృందాలకు తగిన సమస్యలుగా ముందుకొస్తున్నాయి. వీటిలో గని అధికారితో పాటు గ్రామ పంచాయతీ, కార్మిక సంఘం సంతకాలు కూడా ప్రాజెక్టు పత్రంపై ఉండవలసినవే.