ఇనుప పొలుసుల నత్త

సముద్రంలో చాల లోతున ప్రాణులుండవని ఒకప్పుడు పండితులే నమ్మేవారు. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. ఎడ్వర్డ్ ఫోర్బ్స్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1841, 1842 సంవత్సరాలలో 'బీకన్' అనే ఓడ మీద ఈజియన్ సముద్రానికి వెళ్ళి, వలలతో దాని అడుగును గాలించాడు. లోతుకు పోయినకొద్దీ నత్తలు, ఆల్చిప్పలు తగ్గిపోతూ వచ్చినవి. ఈ లెక్కను ఇంకా కిందికి పొడిగించి, 300 బారల లోతు దాటితే జీవమే ఉండదని ఆయన 1843లో ఊహించాడు. బార అనగా ఆరడుగులు. కనుక ఆ హద్దు సుమారు 550 మీటర్లన్నమాట.

ఫోర్బ్స్ చూచినది అబద్ధం కాదు. ఈజియన్ సముద్రపు అడుగు సహజంగానే జీవసంపద తక్కువైన చోటు. ఒక్కచోటి సంగతిని లోకంలోని సముద్రాలన్నిటికీ అన్వయించడంలోనే చిక్కు వచ్చినది. 1860లో సార్డీనియా దీవికీ ఆఫ్రికా తీరానికీ మధ్య వేసిన తంతి తీగను బాగుచేయడానికి పైకి లాగారు. సుమారు 2,000 మీటర్ల లోతున పడియున్న భాగానికి పగడపు జీవులు, గుల్లజీవులు అంటుకొని ఉన్నవి. 1872 నుండి 1876 వరకు భూగోళం చుట్టివచ్చిన 'చాలెంజర్' ఓడ ఈ సందేహాన్ని పూర్తిగా తీర్చింది. ఆ యాత్రలో దొరికిన నత్తలను రాబర్ట్ బూగ్ వాట్సన్ వర్ణించి, 1886లో పెద్ద గ్రంథంగా వెలువరించాడు.

జీవులున్నవని తేలిన తరువాత మరొక ప్రశ్న మిగిలింది. ఎండ చొరని ఆ చీకటిలో వాటికి తిండి ఎక్కడిది? పైనుండి రాలిపడే కళేబరాలు, మలినాలు తప్ప వేరే ఆధారం లేదని శాస్త్రజ్ఞులు తలచారు. 1977లో 'ఆల్విన్' అనే చిన్న జలాంతర్గామి పసిఫిక్ మహాసముద్రంలో గలాపగోస్ దీవుల సమీపాన సుమారు 2,500 మీటర్ల లోతుకు దిగినది. అక్కడ వేడినీటి ఊటల చుట్టూ జీవులు గుంపులు గుంపులుగా కనబడినవి.

ఈ ఊటలు ఏర్పడే తీరు ఇది. సముద్రపు నీరు అడుగునున్న పగుళ్ళలోనికి ఇంకి, కాగిన శిలల వేడికి మరిగి, రాళ్ళలోని లోహాలను కరిగించుకొని పైకి చిమ్ముతుంది. చల్లని నీరు తగలగానే లోహాలు గంధకంతో కూడి, సల్ఫైడులుగా పేరుకొని, పొగగొట్టాల వలె నిలుస్తవి. ఊటనీటిలోని హైడ్రోజన్ సల్ఫైడు వంటి పదార్థాల నుండి శక్తిని గ్రహించి కొన్ని సూక్ష్మజీవులు ఆహారాన్ని తయారుచేసుకొంటవి. నేల మీద పచ్చని ఆకు చేసే పనిని అక్కడ ఇవి చేస్తున్నవి.

మన హిందూ మహాసముద్రంలో ఇటువంటి ఊటలను జపాను వారు 2000లో తొలిసారి కళ్ళారా చూచారు. ఆ చోటికి 'కైరే' అని పేరు. మరుసటి సంవత్సరం అక్కడికే వచ్చిన అమెరికా పరిశోధకులకు సుమారు 2,400 మీటర్ల లోతున ఒక వింత నత్త దొరికింది. దాని గుల్ల వెడల్పు నాలుగైదు సెంటీమీటర్లకు మించదు. కాని మెత్తగా ఉండవలసిన పాదం చుట్టూ, ఇంటి కప్పు మీది పెంకుల వలె, అలుగు ఒంటి మీది వలె, నల్లని పొలుసులు వరుసలు తీరి ఉన్నవి. పరీక్షింపగా ఆ పొలుసుల మీద ఐరన్ సల్ఫైడు కనబడినది. గుల్ల పైపొర కూడ అదే. అస్థిపంజరంలోగాని, కవచంలోగాని ఈ పదార్థాన్ని వాడుకొనే జంతువు మరొకటి తెలియదు.

దీని భోజనం కూడ విచిత్రమే. అన్నవాహికను అంటియున్న గ్రంథి బాగా పెరిగి, దానిలో బాక్టీరియా కాపురముంటవి. నత్త వాటికి ప్రాణవాయువును, సల్ఫైడును రక్తం ద్వారా అందిస్తుంది. అవి దానికి ఆహారమిస్తవి. అందుకే దాని గుండె శరీరంలో నూటికి 4 వంతులు ఆక్రమించినది.

2009లో 'సోలిటేర్' అనే మరొకచోట ఇదే నత్త తెల్లగా, ఇనుము లేకుండా కనబడినది. అక్కడి ఊటనీటిలో ఇనుము చాల తక్కువ. పొలుసులలోని సన్నని నాళాల గుండా నత్త గంధకాన్ని వెలుపలికి పంపుతుందనీ, అది బయటినుండి చొచ్చిన ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడు అవుతుందనీ 2019లో పరిశోధకులు వివరించారు. 2011లో 'లాంగ్‌చీ' అనే మూడవ స్థలం బయటపడినది. 2015లో చోంగ్ చెన్, ఆయన సహచరులు ఈ జాతికి క్రైసోమాలన్ స్క్వామిఫెరమ్ అని నామకరణం చేశారు. మొదటి మాటకు బంగారు రోమాలు గలదని, రెండవదానికి పొలుసులు ధరించినదని అర్థం.

పేరు పెట్టిన నాలుగేండ్లకే, 2019 జూలైలో, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని అంతరించే ప్రమాదమున్న జాతుల ఎర్రపట్టికలో చేర్చింది. సముద్రగర్భంలో గనుల తవ్వకం ముప్పు కారణంగా ఆ పట్టికకెక్కిన మొదటి జీవి ఇదే. ఊటలు పేర్చిన సల్ఫైడులలో రాగి, జింకు, కొంత బంగారం, వెండి ఉంటవి. నాటికి తెలిసిన మూడు స్థలాలలో రెండు ఖనిజాన్వేషణ ఒప్పందాలకు లోబడి ఉన్నవి. లాంగ్‌చీ చైనా సంస్థ ప్రాంతంలోనిది, కైరే జర్మనీ సంస్థ ప్రాంతంలోనిది. మన దేశం కూడ ఇదే మహాసముద్రపు పర్వతశ్రేణుల వెంట 10,000 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణకు 2016 సెప్టెంబరులో ఒప్పందం చేసుకొన్నది.

నాడు తెలిసిన ఆ మూడు స్థలాలలో నత్తకు అనువైన చోటు మొత్తం కలిపి 0.02 చదరపు కిలోమీటర్లు. అనగా సుమారు ఐదెకరాలు, ఒక చిన్న రైతు పొలమంత. తరువాత మరికొన్ని చోట్ల కనబడినా అవన్నీ హిందూ మహాసముద్రంలోనివే. ఇటువంటి ఊటల వద్ద తప్ప వేరెక్కడా బ్రతకని గుల్లజీవులను 184 జాతుల వరకు పరిశీలించి, వాటిలో నూటికి 62 ప్రమాదంలో ఉన్నవని 2021లో ప్రకటించారు.

లోతున ఏమీ లేదన్న ఫోర్బ్స్ మాట వల్ల ఏ నత్తకూ హాని కలుగలేదు. ఆ రోజులలో అంత లోతుకు చేరగల యంత్రం లేదు. ఈనాడు చేరగలము, తవ్వగలము కూడ. కనుక ఒకచోట ఏమీ కనబడలేదని చెప్పేవారిని, అక్కడ ఎంత వెదికారని ముందుగా అడగడం సైన్సు తరగతిలో నేర్పవలసిన పాఠం. ఆ ప్రశ్నకు జవాబు రాకముందే తవ్వకం మొదలైతే, ఐదెకరాలు ఖాళీ కావడానికి ఎన్నో రోజులు పట్టవు.