పొగదారి: పశ్చిమ ప్రకాశంలో గవాక్షి నుంచి గ్యాసు దాకా

ఉపోద్ఘాతం

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో గదులను వేడిచేసుకోవలసినంత చలి ఉండదు. ఇక్కడి ఇళ్లలో నిప్పు అవసరం ప్రధానంగా రెండు పనులకే: వంటకు, స్నానపు నీళ్లకు. ఈ నిప్పు నుంచి పుట్టే పొగ ఏ దారిన బయటికి పోయేదో, ఇంధనం మారినప్పుడు ఆ దారి ఏమైందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కంటికి కనిపించే పొగకు దారి విడిచిన ఇల్లు, కనిపించని వాయువు విషయానికి వచ్చేసరికి ఆ దారిని మూసివేసిందన్నది ఇందులోని ప్రతిపాదన.

మట్టిమిద్దె - గవాక్షి

1970లో ఒంగోలు జిల్లా (నేటి ప్రకాశం) ఏర్పడేవరకు ఈ ప్రాంతం కర్నూలు జిల్లాలో భాగం. గృహనిర్మాణంలోనూ, దానికి సంబంధించిన పదజాలంలోనూ రాయలసీమతో ఉన్న ఈ సంబంధం కనిపిస్తుంది. బోదకొట్టంలో పొగ కప్పు సందుల నుంచి, చూరు కింది నుంచి మెల్లగా బయటపడుతుంది. దూలాలు, దంతెలు పరచి పైన మట్టి తొక్కిన మిద్దెకు ఆ వెసులుబాటు లేదు. అందువల్ల మిద్దె కప్పులోనే ఒక రంధ్రం వదిలేవారు. వాన వచ్చినప్పుడు దానిని మూసేవారు. దీనినే సీమ వాడుకలో గవాక్షి అంటారు. జనవ్యవహారంలో అది గవాచి అయింది.

సంస్కృతంలో గవాక్షమంటే ఆవు కన్ను వంటిది. గోడకుండే కిటికీ అని రూఢి. మిద్దెల సీమలో ఆ పదం గోడను విడిచి కప్పుకెక్కింది. వెలుతురు లోనికి రావడానికి, పొగ బయటికి పోవడానికి ఒకే రంధ్రం ఉపయోగపడింది. ఈ అర్థపరిణామం వెనుక ఒక భౌతిక సూత్రమూ ఉంది. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది. దాని స్థానంలోకి వాకిలి నుంచి చల్లగాలి వస్తుంది. ఆధునిక పొగగొట్టం పనిచేసేదీ ఈ సూత్రం మీదనే.

అయితే గవాక్షిని ఆదర్శీకరించనక్కరలేదు. నల్లమల కట్టెలు, కందికట్టె, పిడకలు మండే పొయ్యి ముందు ఊదుడుగొట్టం పట్టి కూర్చున్న స్త్రీకి అది పూర్తి ఉపశమనం ఇవ్వలేదు. పొగచూరిన దూలాలే అందుకు సాక్ష్యం. స్నానపు నీళ్ల విషయంలో మాత్రం పాత ఏర్పాటు మేలైనది. నీళ్లు కాచే పొయ్యి తరచుగా దొడ్లోనే, ఆరుబయట ఉండేది.

పొగరాని పొయ్యి

పొయ్యికే పొగదారి అమర్చాలన్న శాస్త్రీయ ప్రయత్నం తెలుగునేల మీద హైదరాబాదులో జరిగింది. అక్కడి ఇంజనీరింగు పరిశోధనాలయానికి చెందిన ఎస్.పి. రాజు మట్టితో కట్టుకోగల, పొగగొట్టం గల పొయ్యిని రూపొందించారు. ఆయన ఆంగ్ల గ్రంథం 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' 1953లో వెలువడింది. 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని చేపట్టింది. గొట్టంలో మసి పేరుకొంటే పొగ తిరిగి ఇంట్లోకే వస్తుంది. కనుక పొయ్యిని కట్టించడం ఎంత అవసరమో, గొట్టాన్ని శుభ్రంగా ఉంచడమూ అంతే అవసరం. అలాంటి పొయ్యిలు చాలాచోట్ల మూలపడడానికి ఈ నిర్వహణ లోపం ఒక ముఖ్యకారణం.

పొగలేని నిప్పు

1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన దీపం పథకం, 2016లో కేంద్రం ప్రారంభించిన ఉజ్జ్వల పథకం పేద స్త్రీల వంటింటికి గ్యాసును చేర్చాయి. కళ్లమంట, దగ్గు తగ్గాయి. కట్టెలు మోసే శ్రమ తగ్గింది. ఈ మేలు సామాన్యమైనది కాదు. ఇదే కాలంలో మట్టిమిద్దెల స్థానంలో సిమెంటు స్లాబులు వచ్చాయి. స్లాబుకు గవాక్షి లేదు. పొగే లేనప్పుడు పొగదారి ఎందుకన్న భావన సహజంగానే ఏర్పడింది.

ఈ భావనలోని లోపాన్ని న్యాయశాస్త్ర పరిభాషలో స్పష్టంగా చెప్పవచ్చు. ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో పొగను బట్టి నిప్పును ఊహించడానికి వంటయింటినే దృష్టాంతంగా తీసుకొన్నాడు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండాలన్న నియమం మాత్రం లేదు. పొగకు తడి ఇంధనపు కలయిక కావాలని నైయాయికులు దానిని ఉపాధిగా పేర్కొన్నారు. గ్యాసు మంట తడి ఇంధనం లేని నిప్పు. పొగ కనిపించనంత మాత్రాన దాని నుంచి ఏమీ వెలువడడం లేదని ఊహించడం హేత్వాభాసం.

ఒక ఘనపు మీటరు ప్రొపేను పూర్తిగా మండడానికి దాదాపు 24 ఘనపు మీటర్ల గాలి కావాలి. అంత గాలి అందకపోతే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా కలిసిపోతుంది. అందువల్ల మనిషికి ప్రమాదం తెలిసేలోగానే స్పృహ తప్పవచ్చు. దొడ్లోని నీళ్లపొయ్యి గ్యాసు గీజరుగా మారి, తలుపు బిగించిన చిన్న స్నానాలగదిలోకి చేరినప్పుడు ఈ అపాయం మరింత పెరుగుతుంది.

మరొక భేదం కూడా గమనించదగినది. మండని వంటగ్యాసు గాలికంటే బరువైనది. లీకైతే నేలమట్టంలో పేరుకుంటుంది. మండిన వాయువులు వేడిగా పైకి లేస్తాయి. కనుక గ్యాసు ఉన్న గదికి కింద ఒకటి, పైన ఒకటి, ఎప్పుడూ మూతపడని రెండు గాలిదారులు కావాలి. గీజరును స్నానాలగది బయట గాలి ఆడేచోట అమర్చాలి. లేదా దాని వాయువులను గొట్టం ద్వారా ఇంటి బయటికే పంపాలి. ఆ గొట్టం అటకమీదికో, పక్కగదిలోకో తెరుచుకోకూడదు.

ముగింపు

మిద్దె కట్టిన మేస్త్రికి ఈ రసాయనశాస్త్రం తెలియదు. నిప్పు ఉన్న ఇంటికి దారి ఉండాలన్న నిర్మాణజ్ఞానం మాత్రం అతనికి ఉంది. ఆ జ్ఞానం గవాక్షి అన్న పదంలో నిలిచి ఉంది. మిద్దెలు కూలుతున్నకొద్దీ ఆ పదమూ వాడుకనుంచి తొలగుతోంది. పశ్చిమ ప్రకాశం మాండలిక పదసేకరణలో గవాక్షిని 'కప్పులోని రంధ్రం' అని మాత్రమే నమోదు చేస్తే సరిపోదు. అది ఎక్కడ ఉండేది, ఎప్పుడు మూసేవారు, ఏ పొయ్యికి ఉపయోగపడేది అన్న వివరాలనూ మిద్దెలో వండిన తరం ఉండగానే సేకరించాలి. అవి భాషాచరిత్రకు ఎంత అవసరమో, స్లాబు ఇంట్లో గ్యాసు వెలిగించే నేటి కుటుంబపు క్షేమానికీ అంత అవసరం.