చెరువులెరిగిన వాన, చెరువులెరుగని వాన

2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలోని నెల్లికుదురు సీమపై విరుచుకుపడిన వానను స్మరింపక తప్పదు. ఈ సీమ వానలకు పూర్వచరిత్ర వ్రాయబూనువానికి చెరువు కట్టలే ముఖ్యాధారములు. పదమూడవ శతాబ్దమున, కాకతీయ గణపతిదేవుని కాలమందు, పాకాల, రామప్ప చెరువులు వెలసినవి. ఎగువ చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువును చేరునట్లు తటాకములను గొలుసుకట్టుగా కూర్చిన ఆ నిర్మాతలు మేఘముల మర్మమెరుగకున్నను వాన లెక్క నెరిగినవారు. అటుపిమ్మట ఏడు శతాబ్దములను ఒక్క అంగలో దాటి, 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ వరదకు వత్తము. గండిపేట జలాశయము దాని ఫలమే.

ఇక నా మనస్సును విడువని ఘట్టము ములుగు జిల్లాలోని తాడ్వాయి అడవిది. 2024 ఆగస్టు 31 సాయంకాలము, బంగాళాఖాతపు వాయుగుండము కళింగపట్నము తీరమును సమీపించుచుండగా, తాడ్వాయి, మేడారముల నడుమ ఇంచుమించు 200 హెక్టార్ల అడవిలో మహావృక్షములు వేళ్ళతో సహా కూలినవి. వాటి సంఖ్య సుమారు 50,000 అని అంచనా. ఇట్టి విధ్వంసమునకు సుడిగాలియో దిగుగాలియో కారణము కావలెను. ఉరుము మేఘములో వానచినుకులు ఆవిరియగునపుడు చుట్టునున్న గాలి చల్లబడి, బరువెక్కి, నిట్టనిలువున నేలకు దిగి, కుమ్మరించిన బిందెనీటివలె నలుదిక్కులకు పరుగిడును; ఇదియే దిగుగాలి. సుడిగాలి యైనచో చెట్లు మెలితిరిగి అడ్డదిడ్డముగా పడును. దిగుగాలి యైనచో అవి గాలి పరుగిడిన దిక్కునకే ఒరగును. లోతులేని మట్టిలో వేళ్ళు పైపైనే పరచుకొనిన చెట్టునకు ఏ గాలియైనను మృత్యువే. ఆ గాలిని ఊళ్ళమీదికి రానీయక అడ్డుకొన్నది వనదేవతలైన సమ్మక్క సారలమ్మలని భక్తుల విశ్వాసము. వాయుశాస్త్రజ్ఞుడు ఇంతటి దయను లెక్కగట్టజాలడు.

ఆ రాత్రియే మహబూబాబాద్ జిల్లాలో పలుచోట్ల 40 సెంటీమీటర్లకు మించి వాన కురిసెను. నెల్లికుదురు మండలపు రావిరాలను నీరు చుట్టుముట్టెను. కేసముద్రము, ఇంటికన్నెల నడుమ పట్టాల క్రింది కంకర కొట్టుకుపోయి రైళ్ళు నిలిచిపోయెను. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కిన, సుమారు 7 శాతము అధికముగా తేమను మోయగలదు. ఋతువంతయు పంచిపెట్టవలసిన నీటిని ఒక్క రాత్రిలో గుమ్మరించు శక్తి మేఘమునకు పెరుగుచున్నదని దీని భావము.

ఇచ్చట చరిత్ర వరుస తప్పుచున్నది. 2023 జూలైలోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజున దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడియుండెను. భూపాలపల్లి చెంతనున్న మోరంచపల్లి నీట మునిగియుండెను. 2024 డిసెంబరు 4న ములుగు కేంద్రముగా 5.3 తీవ్రతతో భూమి కంపించగా, కూలిన అడవిని ఆ కంపముతో ముడిపెట్టినవారును కలరు. శిలల కదలికకు గాలితో పొత్తు లేదు. కథ కుదురుకొనకున్నను కర్తవ్యము స్పష్టమే: కాకతీయులనాటి లెక్కకు సరిపోయిన మత్తడుల వెడల్పులను ఒక్క రాత్రి వాన లెక్కతో తిరిగి సరిచూడవలెను.