తురుపు విషమ విభజన (బ్రిడ్జ్)

బ్రిడ్జ్ పేకాటలో ప్రత్యర్థుల తురుపులు ఎక్కువగా ఒకరి చేతిలోనే పోగుపడటం తురుపు విషమ విభజన. డిక్లేరర్‌కూ (ఆట నడిపే ఆటగాడు) డమ్మీకీ (ముక్కలు పరిచే అతని భాగస్వామి) కలిపి ఎనిమిది తురుపులుంటే మిగిలిన అయిదూ 3-2గా చీలే అవకాశం సుమారు 68 శాతం, 4-1గా 28, 5-0గా 4. ఎక్కువసార్లు సరిగా చీలేదానికి ముందుజాగ్రత్త ఎందుకని అడగవచ్చు. కానీ మూడు ఆటల్లో దాదాపు ఒకటి చెడుతుంటే అది అరుదు కాదు. అందుకే డమ్మీ ముక్కలు పరచగానే పట్టులు లెక్కపెట్టాలి. రెండు పెద్ద తురుపులు ఆడాక 4-1 బయటపడితే, సాధారణంగా తురుపులు లాగడం ఆపి పక్క రంగుల పట్టులు తీసుకోవాలి. ప్రత్యర్థి పెద్ద తురుపుతో కోసినా, అది ఎలాగూ అతనికి దక్కే పట్టే.

పంపకం అదృష్టమైతే నేర్పు ఎక్కడన్న ఆక్షేపణ ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీలోని అదృష్టం బ్రిడ్జ్ పంపకంలోని అదృష్టం వంటిదేనని, రమ్మీ ప్రధానంగా నేర్పు ఆటేనని చెప్పింది. విషమ విభజనను తట్టుకునే పథకమే బ్రిడ్జ్‌లోని నేర్పుకు గట్టి రుజువు.