వాన మీద రాసుకున్న కౌలు: పెరియారు నీరు, తేని సీమ

పడమటి కనుమలకు తూర్పున, నైరుతి మేఘాలు కొండల అవతలే కురిసిపోగా పొడిగాలి మాత్రమే దిగివచ్చే వర్షచ్ఛాయా ప్రాంతంలో నేటి తేని జిల్లా ఉంది. విజయనగర, మధుర నాయకుల కాలాల్లో ఇక్కడికి వలస వచ్చిన కంబళ నాయకులు, కమ్మవారు మొదలైన తెలుగువారు పశుపోషణ, మెట్టసేద్యాలతో నిలదొక్కుకున్నారు. బోడినాయకనూరు పాళెం, అనగా సైనిక సేవకు ప్రతిగా పన్ను వసూలు హక్కు పొందిన చిన్న సంస్థానం, కంబళ నాయకులదే. 1876–78 నాటి ధాత కరువు మద్రాసు రాజధానిని కుదిపేశాక, అరేబియా సముద్రం వైపు పారే పెరియారు నదిని తూర్పుకు మళ్ళించాలన్న పాత ఆలోచనకు మళ్ళీ ఊపు వచ్చింది.

నది తిరువాన్కూరు సంస్థానానిది, దాహం మద్రాసుది. ఏళ్ళ తరబడి సాగిన బేరసారాల తరువాత 1886 అక్టోబరు 29న కుదిరిన ఒప్పందం ప్రకారం, తిరువాన్కూరుకు చెందిన సుమారు 8,000 ఎకరాలు మద్రాసుకు ఎకరాకు ఏడాదికి 5 రూపాయల చొప్పున 999 ఏళ్ళకు కౌలుకు దక్కాయి. సార్వభౌమాధికారం చేతిలో ఉన్న బ్రిటిష్ ప్రభుత్వానికీ, దాని నీడన బతికే సంస్థానానికీ మధ్య జరిగిన ఈ సంప్రదింపును సమానుల బేరమనడం కష్టం. బ్రిటిష్ ఇంజనీరు పెన్నీక్విక్ ఆధ్వర్యంలో సున్నం, సుర్కీ (ఇటుక పొడి) కలిపిన గచ్చుతో కట్టిన ఆనకట్ట 1895లో పూర్తయింది. కొండను తొలిచిన సొరంగం గుండా నీరు కంబం లోయలోకి దిగి, సురుళియారు మీదుగా వైగైలో కలిసింది.

ఒప్పందంలోని అసలు లోపం కౌలు తక్కువ కావడం కన్నా, దాన్ని మళ్ళీ చర్చించే గడువేదీ లేకపోవడం. ఈ నీటితో విద్యుత్తు తీయవచ్చా అన్న తగవు మధ్యవర్తి దాకా వెళ్ళగా, నీటి హక్కు సేద్యానికే పరిమితమని 1941లో తీర్పు వచ్చింది. చివరికి 1970లో మద్రాసు, తిరువాన్కూరుల వారసులైన తమిళనాడు, కేరళ కూర్చుని కౌలును ఎకరాకు 30 రూపాయలు చేసి, ముప్ఫయ్యేళ్ళకోసారి సవరించే ఏర్పాటు పెట్టి, విద్యుదుత్పత్తికి ఒప్పుకుని, చేపల హక్కును కేరళకు తిరిగి ఇచ్చేలా ఒప్పందం చేసుకున్నాయి. వయసు మీరిన స్నేహితులు పాత లెక్కలు సరిచూసుకున్నట్టు జరిగిన సర్దుబాటు ఇది. అయినా 1979 తరువాత ఆనకట్ట భద్రతపై రేగిన వివాదం ఆ సఖ్యాన్ని కోర్టుకెక్కించింది, 2014లో సుప్రీంకోర్టు నీటిమట్టాన్ని 142 అడుగులకు అనుమతించింది.

అసమానుల మధ్య నిలిచే ఒప్పందం ఎలా కుదుర్చుకోవాలన్న ఇలాంటి చిక్కునే దేశాల మధ్య శీతోష్ణస్థితి మార్పుపై చర్చలూ ఎదుర్కొన్నాయి. 1997 నాటి క్యోటో ఒడంబడిక పారిశ్రామిక దేశాలకు మాత్రమే ఉద్గారాల, అనగా గాలిలోకి వదిలే వాయువుల, పరిమితులు బిగించగా అమెరికా దాన్ని ఆమోదించలేదు, కెనడా తప్పుకుంది. 2015 నాటి ప్యారిస్ ఒప్పందం ప్రతి దేశమూ అయిదేళ్ళకోసారి కొత్త హామీ ఇవ్వాలని, అందరి హామీలను కలిపి సమీక్షించాలని నిర్ణయించింది. ఆ మాటలకు బలవంతపు అమలు లేకపోవడం దాని బలహీనతే గాని, మళ్ళీ కూర్చోక తప్పని గడువు పెట్టిన విషయంలో అది 1886 నాటి పత్రం కన్నా తెలివైనది. తొలి ప్రపంచ సమీక్ష 2023లో దుబాయిలో ముగిసింది.