హిమాలయము వ్రాసిన కఱవు లెక్క

సంస్కృతమున 'వర్షము' అను శబ్దమునకు వాన యనియు, సంవత్సర మనియు రెండర్థములు గలవు. 'అబ్దము' అనగా మేఘము, సంవత్సరమును అదియే. వేదకాలమువారు మనుష్యుని యాయువును 'హిమ' శబ్దముతో, అనగా చలికాలములతో, లెక్కించిరి. ఇట్లు ఆకాశమునుండి పడుదానినే కాలమునకు కొలతగా గైకొన్న జాతి, ఏ యేట నెంత వాన కురిసెనో మాత్రము వరుసగా వ్రాసి యుంచుకొనలేదు. మన శాసనములందు రాజుల దానములు గలవు, దండయాత్రలు గలవు, వంశావళులు గలవు. కఱవుల ప్రస్తావన యెచటనో యొకచో నుండునేకాని యేటేటి లెక్క లేదు. మనము వ్రాయని యా లెక్కను హిమాలయ శిఖరములపై మంచు వ్రాసి పెట్టినది. దానిని చదువు విద్య గడచిన డెబ్బది యేండ్లలో బుట్టి పెరిగినది. ఆ విద్య మన చరిత్రకు నేమి చెప్పగలదు, ఏమి చెప్పజాలదు అను రెండు సంగతులను ఇచట విచారింతము.

మిక్కిలి యెత్తైన కొండలపై బడిన హిమము పూర్తిగా గరగదు. ఒక యేటి హిమముపై మరుసటి యేటి హిమము పడును. పైబరువునకు క్రింది పొరలు గట్టిపడి మంచుగడ్డ యగును. గాలియు, ధూళియు, లవణములును ఆ పొరలలో జిక్కి నిలిచిపోవును. టిబెట్టు దక్షిణపుటంచున వానకాలమున బడు హిమము విస్తారము, నిర్మలము. పొడికాలమున గాలి మోసికొని వచ్చు ధూళి దానిపై నొక మాసిన గీతగా నేర్పడును. మ్రానిలోని వలయములవలె ఈ గీతలను ఒక్కొక్కటిగా లెక్కింపవచ్చును. లోతునకు బోయినకొలది పొరలు నలిగి పలుచనగును గనుక, లెక్క తప్పకుండుటకు నడుమ నిశ్చితమైన గుర్తులు కావలెను. అగ్రరాజ్యములు ఆకాశమున బ్రేల్చిన యణ్వస్త్రముల రేడియోధార్మిక ధూళి 1963 ప్రాంతమున భూమియందు మిక్కుటముగా బడినది. అది యే పొరలో గనబడిన, ఆ పొర వయస్సు మనకు దెలిసినట్లే.

ధూళి యొకటియే సాక్షి గాదు. నీరు తానే సాక్ష్యము చెప్పును. నీటిలోని ఆక్సిజను పరమాణువులలో అధికభాగము 16 భారము గలవి. కొలదిగా 18 భారము గలవియు నుండును. బరువైన యణువులు గల నీరు ఆవిరియగుటకు జాగు చేయును, వానగా రాలుటకు ముందుపడును. మేఘము చల్లబడినకొలది బరువైన నీటిని ముందుగా రాల్చి, తేలికదానిని మిగుల్చుకొనును. డెన్మార్కు దేశీయుడగు విల్లీ డాన్స్‌గార్డ్ 1952లో తన యింటి తోటలో ఒక సీసాపై గరాటు నిలిపి వాననీరు పట్టి ఈ భేదమును గొలిచెను. ప్రాచీనమైన మంచులో ప్రాచీనకాలపు శీతోష్ణములు దాగియుండునని 1954లో సూచించెను. ధ్రువప్రాంతములందు ఈ పాఠము సుబోధకమే. ఋతుపవనములు వీచు మన ప్రాంతమున నిది కొంత చిక్కైనది. ఏలన, త్రోవలో వాన యధికముగా గురిసినను మేఘములో బరువైన నీరు తఱుగును. వేడి తగ్గినదో, వాన హెచ్చినదో ఈ యొక్క సాక్షివలననే నిర్ణయింపరాదు. అందువలన ధూళిని, లవణములను, పొరల మందమును గూడ విచారించి తీర్పు చెప్పవలసియున్నది.

ఉష్ణమండలపు కొండలనెత్తములపై మంచును తొలుచుట సాధ్యము కాదని చాలకాలము పండితులు తలంచిరి. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున పనిచేసిన లానీ థాంప్సన్, 1983లో పెరూ దేశపు కెల్కాయా హిమక్షేత్రమును సూర్యశక్తితో నడచు యంత్రముతో అడుగువరకు దొలిచి ఆ శంకను దీర్చెను. 1997లో ఆయన చీనా శాస్త్రజ్ఞులతో గూడి, మనవారు గోసాయిథాన్ అని వ్యవహరించు శిఖరముపైని దాసువోపు హిమానీనదము నెక్కెను. సముద్రమట్టమునకు 7,200 మీటర్ల యెత్తున, ఊపిరి యాడుటయే కష్టమగు తావున, సన్నని స్తంభములుగా మంచును దీసిరి. వారు కనుగొన్నది 2000 సంవత్సరమున వెల్లడియయ్యెను.

నైరృతి ఋతుపవనము బలహీనమైన యేండ్లలో ఆ మంచున ధూళియు, క్లోరైడును హెచ్చియున్నవి. కారణము స్పష్టము. వాన లేనిచో నేల యెండును, ధూళి లేచును. ఆ ధూళిని పలుచన జేయుటకు హిమమును తగినంత పడదు. ఆ స్తంభములందు గనబడిన వేయేండ్లలో ననావృష్టులు పెక్కులున్నను, 1790 మొదలు 1796 వరకు నడచినదానిని మించినది వేఱొకటి లేదు. 1792లో హిందూదేశమున ఒక్క ప్రాంతముననే 6,00,000 మందికి పైగా మరణించిరని చరిత్ర చెప్పుచున్నది.

ఆ యేండ్లలో మన గోదావరి సీమ యెట్లుండెనో ప్రత్యక్షముగా జూచినవాడు ఒకడు గలడు. విలియం రాక్స్‌బరో యను వృక్షశాస్త్రజ్ఞుడు సామర్లకోటలో తోట పెంచుచు వానను, గాలిని గొలిచి వ్రాసికొనుచుండెను. ఉత్తర సర్కారులలో వానలు వరుసగా దప్పుటయు, కఱవు వచ్చుటయు ఆయన వ్రాతలందు గలవు. ఇట్టిది పూర్వము సంభవించెనా యని ఆయన విచారింపగా, పిఠాపురపు రాజు తన తాతగారి కాగితములలో నూరేండ్లకు వెనుకటి ఘోరమైన కఱవొకటి వ్రాయబడియున్నదని తెలిపెనట. సంస్థానపు కాగితము, దొరగారి కొలత, గోసాయిథాన్ మంచు: ఈ మూడును ఒకదాని నొకటి యెఱుగనివి. ఎఱుగని సాక్షుల మాటలను ప్రక్కప్రక్కన నుంచి పరీక్షించుటయే చరిత్రపరిశోధన.

అయినను మంచు చెప్పగలిగినది అనావృష్టిని మాత్రమే, ఆకలిని గాదు. ఈ భేదమును మఱచుట యపాయము. 1876లో వచ్చిన ధాత కఱవును మన పెద్దలు తరతరములు చెప్పుకొనిరి. బళ్లారి, కర్నూలు, కడప మండలములు అందు నాశనమైనవి. దక్షిణదేశమున చనిపోయినవారు ఏబది లక్షలకు తక్కువ గారని చరిత్రకారుల యంచనా. కాని ధవళేశ్వరమున 1852 నాటికి, బెజవాడలో 1855 నాటికి ఆనకట్టలు నిలిచిన గోదావరి, కృష్ణా డెల్టాలు ఆ నాశనమునకు లోనుగాలేదు. కఱవు పనులలో కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, కొద్దిపాటి రొక్కమును చాలునని రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. ఆ యేండ్లలోనే హిందూదేశపు గోధుమలు ఓడలపై నింగ్లండునకు బోవుచునే యుండెను. ఈ సంగతులు ఏ మంచుపొరలోను లేవు. వాన తప్పుట దైవికమైనను, ధాన్యము తప్పుటలో మనుష్యుని చేయి గలదు. పాలకుల యపరాధమును మేఘముపై ద్రోయుటకు ఈ శాస్త్రము సాధనము కారాదు.

మనుష్యుని చేయి ఇప్పుడా మంచుపైననే పడినది. ఇరువదవ శతాబ్దమున దాసువోపులో ధూళి నాలుగురెట్లు, క్లోరైడు రెండురెట్లు పెరిగినవి. అది దిగువనున్న మన దేశమునుండియు, నేపాళమునుండియు బోయినదే. ఇంతకంటె విచారకరమైన సంగతి మానససరస్సు చెంత దెలిసినది. మాంధాత చక్రవర్తి పేరు మోయుచున్న గుర్లా మాంధాత పర్వతమున 2006లో మంచును దొలిచి చూడగా, 1963 నాటి యణ్వస్త్రధూళి గీత కనబడలేదు. అంతకు ముందటి, 1950 తరువాతి గీతయు లేదు. ధూళి యచట బడకపోలేదు. అది పడిన మంచే నిలువలేదు. అనగా ఆ గ్రంథమునకు క్రొత్త పత్రములు చేరుట మానినది, ఉన్నవి పైనుండి కరగిపోవుచున్నవి. తాళపత్రమునకు చెదలు పట్టినచో మఱియొక ప్రతియైన దొరకునేమో. ఈ గ్రంథమునకు రెండవ ప్రతి లేదు.

కొండపైని మంచును కాపాడుట గ్రామస్థుని యొక్కనిచే నగు పని గాదు. కాని దిగువనున్న సాక్ష్యమును భద్రపఱచుట మన చేతనే యున్నది. కైఫీయతులలో, కరణముల లెక్కలలో, దేవాలయపు దండకవిలెలలో కఱవుల ప్రస్తావనలు చెదరియున్నవి. వానిని సంవత్సరనామములతో నేర్చి కూర్పవలెను. మన యేండ్ల పేర్లు అరువదియేండ్లకొకసారి మరల వచ్చును గనుక, 'నందన కఱవు' అని వినినచో ఏ నందన యని యడుగవలసియుండును. గుంటూరు సీమను బాడుచేసినది 1832 నాటి నందన యని మనకు దెలియును. అంతకు పూర్వపు పేర్ల కనేకములకు ఆధారము లేదు. అట్టి తావుల మంచుపొర తేదీని జూపును, కరణపు లెక్క ఆకలిని జూపును. ఒకటి లేక రెండవది యసంపూర్ణము. రాజుల విజయములను బిడ్డలచే వల్లెవేయించు మన పాఠశాలలలో, ఏ యేట వాన తప్పెను, ఎవరు బ్రదికిరి, ఎవరు చచ్చిరి, ఎందువలన, అను ప్రశ్నలకును ఇకనైన చోటు గల్పింపవలెను.